బెట్టు చేసిన గునపం

కూర్మనాథం గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాడి ముఖం వంక కాసేపు చూసేవారు. ఆ ప్రశ్న పుస్తకంలోంచి వచ్చిందనిపిస్తే, "అదిగో అలమార, అందులోనే జవాబూ ఉంటుంది, వెతుక్కో" అని తేల్చేసేవారు. కడుపులోంచి వచ్చిందనిపిస్తే మాత్రం పైపంచె సర్దుకుని కథ ఎత్తుకునేవారు. అందుకని ఎవరు ఏమి అడిగినా మా అందరి కన్నూ గురువుగారి పైపంచె మీదే ఉండేది.

ఆ రోజు అడిగినవాడు సర్వేశం. సర్వేశం మా ఆశ్రమంలో వంట చూసేవాడు. జీతానికి వచ్చినవాడు కాదు, మాలాగే శిష్యుడు. వేదాంతం చదువుకుంటానని వచ్చి, ఒకనాడు పప్పు మాడిపోతుంటే చూడలేక వంటింట్లో దూరాడు. దూరినవాడు మళ్లీ బయటికి రాలేదు. కొండ ఎక్కి వచ్చే యాత్రికులందరికీ ఏళ్ల తరబడి వండి వడ్డించాడు. అచ్చమ్మ గారని ఒక పెద్దావిడ ఆయనకు తోడు. ఈమధ్య పట్నంలో ఏదో సభవాళ్లు సర్వేశాన్ని పిలిచి, వేదిక మీద కూర్చోబెట్టి, శాలువా కప్పి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపించారు. మేమంతా నిజంగానే సంతోషించాం. అయితే తిరిగొచ్చిన మర్నాటి నుంచి ఆయన వంటింటి గడప తొక్కడం మానేశాడు. ఒకరోజు నడుం పట్టిందన్నాడు, ఇంకోరోజు పొగ పడటం లేదన్నాడు. దాచడమెందుకు, మాకు కాస్త ఒళ్లు మండింది. అచ్చమ్మ గారు ఒంటిచేత్తో పెట్టిన చారు నీళ్ల మీద నీళ్లు పోసినట్టుండేది మరి.

"గురువుగారూ," అన్నాడు సర్వేశం, "ఏళ్ల తరబడి ఒళ్లు వంచి చాకిరీ చేసినవాడికి ఒక్కసారి గౌరవం దక్కింది. నాలుగు రోజులు దాన్ని అనుభవించాలనిపించడం తప్పంటారా?"

ఆ గొంతులో పొగరు లేదు. అలసట ఉంది, కొంచెం ఉక్రోషం కూడా ఉంది. గురువుగారు ఆయన ముఖం వంక చూశారు. తరువాత పైపంచె సర్దుకున్నారు.

ఒక వాగు ఒడ్డున పల్లెలో భద్రాచారి అని ఒకాయన ఉండేవాడట. పేరుకు వడ్రంగి గాని ఆయన చేయని పని లేదు. బండి ఇరుసు విరిగినా, నూతి గిలక మూలిగినా, పాక వాలినా అందరూ ఆయన గుమ్మానికే వచ్చేవారు. మనుషులే కాదు, పశువులకూ ఆయనే దిక్కు. ఎద్దు గిట్టలో రాయి ఇరుక్కుంటే తీసేవాడు. కంచెలో తల దూర్చి అరిచే మేకపిల్లను నొప్పి తెలియకుండా విడిపించేవాడు. కాలికి ముల్లు దిగిన ఊరకుక్కలు ఎవరూ తోలకుండానే కుంటుకుంటూ వచ్చి ఆయన అరుగు ముందు కూర్చునేవట.

"ఆయన పనిముట్లు మాట్లాడేవి" అన్నారు గురువుగారు, వాన కురిసింది అన్నంత మామూలుగా. మాలో ఒకాయన నవ్వు ఆపుకోలేకపోయాడు. గురువుగారు ఆయన వైపు చూడను కూడా చూడలేదు. ఆ ఊళ్లో అదేమీ వింత కాదట, వినీ వినీ అలవాటైపోయిందట.

రంపానికి నస ఎక్కువ. పాత సంగతులు తవ్వి తీస్తుండేది. సుత్తి ఒకటి రెండు ముక్కలకు మించి మాట్లాడేది కాదు. మోకు మెత్తని మనిషి, అంటే మెత్తని తాడు; ఎవరు ఏమన్నా సరేననేది. వీటన్నిటికీ పెద్ద గునపం. భద్రాచారి తాత నాటిది. ఏ బరువు కింద దూర్చినా ఇంతవరకు వంగింది లేదు, ఆ సంగతి దానికి బాగా తెలుసు. అయినా పనిలో దిగితే నాలుగూ ఒక్క మాట మీద ఉండేవి. "కొంచెం ఎడమకు", "ఆగు, పశువు బెదురుతోంది" అని ఒకదానికొకటి చెప్పుకుంటూ చేసేవి. అవి ఉన్నంతకాలం భద్రాచారికి ఇంకో మనిషి సాయం అక్కర్లేకపోయింది.

దసరాకు ఆయుధపూజ వచ్చింది. భద్రాచారి భార్య కోటమ్మకు ఆ పూజంటే ప్రాణం. ముందురోజే పనిముట్లన్నిటినీ చింతపండు పెట్టి తోమి, నూనె రాసి, పసుపు పూసి, బొట్లు పెట్టి, పీట మీద వరసగా పేర్చి బంతిపూల దండ వేసింది. కూరలు తరిగే కత్తిపీటను కూడా పూజలో పెట్టేసి, ఆ రోజుకి ముద్దపప్పుతో సరిపెట్టింది. ఆయుధపూజ నాడు పనిముట్టును పనికి తీయకూడదు. మర్నాడు ఉద్వాసన చెప్పాకే ముట్టుకోవాలి. ఉద్వాసన అంటే, పూజలో కూర్చోబెట్టిన దైవాన్ని ఇక దయచేయమని వేడుకుని, మర్యాదగా సాగనంపి, పీటను కాస్త కదపడం. అప్పటిదాకా అది గునపం కాదు, దేవుడు. ఊరంతటికీ అదే కట్టుబాటు. ఆ రోజు ఆ పల్లెలో ఏ ఇంట్లో చూసినా దేవుళ్లే, పనిముట్టు ఒక్కటీ లేదు.

ఆ దసరాకు ముసురు పట్టింది. పూజ అయి, హారతి ఇచ్చి, భద్రాచారి భోజనానికి కూర్చోబోతుండగా పొరుగింటి గవరమ్మ తడుస్తూ పరుగెత్తుకొచ్చింది.

"ఆచారి బాబూ, నా పాక కూలిపోనాది. గేదె కింద పడిపోనాది. బేగి రా బాబూ" అంది. మాట పూర్తి కాకుండానే వెనక్కి పరుగెత్తింది.

వాగు పొంగి ఆమె పశువుల పాక వెనక మట్టిగోడ నాని కూలింది. గోడ మీద ఆనుకున్న తాటిదూలం ఒక కొస జారి, కట్టేసి ఉన్న గేదె మెడ మీద అడ్డంగా పడింది. గేదె నిండు చూడిది. కొమ్ముల వెనక దూలం బిగిసిపోయి తల ఎత్తలేకపోతోంది. పాకలోకి వాగునీళ్లు వస్తున్నాయి. గేదె మూతి నీళ్లకు జానెడు పైన ఉంది. గవరమ్మకు మగదిక్కు లేదు, పొలం లేదు. ఆ గేదె పాలిస్తేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. ఆమె నీళ్లలో చతికిలబడి గేదె తలను ఒళ్లో పెట్టుకుంది.

చుట్టుపక్కల మగవాళ్లంతా వచ్చారు. వచ్చినవాళ్లంతా ఒకరి చేతుల వంక ఒకరు చూసుకున్నారు.

"గునపం ఏదిరా?"

"మాది పూజలో ఉంది. మీది?"

"మాదీ అంతే."

భద్రాచారి దూలం చుట్టూ తిరిగి చూశాడు. గునపం దూర్చి ఎత్తి, మోకు కట్టి పక్కకు లాగితే చాలు. "ఇప్పుడే వస్తాను, తల మునగకుండా చూడండి" అని ఇంటికి పరుగెత్తాడు.

తడిబట్టలతో పూజగది గడప బయటే ఆగి చేతులు జోడించాడు.

"గవరమ్మ గేదె దూలం కింద పడింది. నీళ్లు వచ్చేస్తున్నాయి. ఇప్పుడే ఉద్వాసన చెప్పుకుంటాను. దయచేసి లేవండి."

"హారతి పొగ ఇంకా గదిలోనే ఉంది" అంది గునపం. "ఏడాది పొడుగునా రాళ్లలో గుచ్చావు, పల్లెత్తు మాట అన్నానా? ఈ ఒక్కరోజు మాది అన్నది నువ్వే కదా."

"కిందటేడూ ఇంతే," అంది రంపం, "ఎవరిదో తలుపు బిగుసుకుందని పొద్దు వాలకుండానే మమ్మల్ని దించేశారు. నా బొట్టు ఆరనే లేదు."

"లేవం" అంది సుత్తి.

"గేదె కదా, పాపం" అని మోకు ఏదో అనబోయింది. గునపం దాని నోరు మూయించింది.

భద్రాచారి, "అయితే రారా?" అన్నాడు.

"రాము."

ఆయన వాటికి నమస్కారం పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

ఇక్కడ గురువుగారు మంచినీళ్లు అడిగి తాగారు. సర్వేశం కదలకుండా వింటున్నాడు. "రాము అన్నాయి గాని, రాకూడదని వాటికి లేదు" అన్నారు గురువుగారు. అలకపాన్పు ఎక్కిన పెళ్లికొడుకు నిజంగా పెళ్లి వద్దంటాడా? రెండోసారి అడిగితే కొంచెం గొణగాలని, ఇంకోసారి బతిమాలితే లేవాలని గునపం అనుకుంది. పసుపు రాసుకుని, దండ వేయించుకుని, పిలిచిన తక్షణం పరుగెత్తితే పరువేముంటుంది? కాస్త బెట్టు చేసింది. ఆచారి రెండోసారి అడగకుండా వెళ్లిపోతాడని దానికి తోచలేదు.

పాక దగ్గర భద్రాచారి వట్టి చేతులతో దిగాడు.

"గునపం ఏది ఆచారీ?"

"రానంది."

ఎవరూ ఇదేమిటని అడగలేదు. వాళ్ల ఇళ్లలో గునపాలకు నోరు లేదు, అయినా పీట మీంచి లాక్కురావడానికి వాళ్లకూ చేయి రాలేదు. ఒక పెద్దాయన మాత్రం, "అయితే చేతులతోనే చూద్దాం" అని పంచె ఎగ్గట్టాడు.

దూలం మీద తడిసిన కప్పు, మట్టిపెళ్లలు అలాగే ఉన్నాయి. పట్టు దొరకదు, జారిపోతోంది. అందరూ ఊపిరి బిగబట్టి ఎత్తితే వేలెడు లేచేది. ఆ సందులో భద్రాచారి ఒక రాయి తోసేవాడు. మళ్లీ ఎత్తేవారు, ఇంకో రాయి తోసేవాడు. దూలం ఇలా పైకి పోతుంటే నీళ్లూ పైకి వస్తున్నాయి. గవరమ్మ నడుము దాకా వచ్చాయి. గేదె ముక్కుపుటాలు పొంగించి బుసకొడుతోంది. దానికి ఊపిరి అందనప్పుడల్లా గింజుకుంటోంది, గింజుకున్నప్పుడల్లా దూలం సర్దుకుని ఇంకాస్త దిగుతోంది.

"ఊరుకో తల్లీ, కదలకు, ఊరుకో" అని గవరమ్మ దాని చెవిలో చెబుతూనే ఉంది. ఆమె పళ్లు చలికి కొట్టుకుంటున్నాయి.

ఇంట్లో పీట మీద పనిముట్లు ఎదురుచూస్తున్నాయి. పెంకుల మీద వాన చప్పుడు తప్ప ఏమీ వినపడటం లేదు.

"వస్తాడా?" అంది సుత్తి.

"రాక ఏం చేస్తాడు? వట్టి చేతులతో తాటిదూలం లేస్తుందా?" అంది గునపం.

కొంతసేపయ్యాక గవరమ్మ పాక వైపు నుంచి కేకలు వినిపించాయి. గేదె అరుపు ఒకటి లేచి మధ్యలో ఆగిపోయింది. రంపానికి నస పోయింది. "మూడోసారి దాకా ఎందుకు, రెండోసారికే లేద్దాం" అంది. "మొదటిసారికే లేవాల్సింది" అంది మోకు. ఈసారి గునపం దాన్ని ఏమీ అనలేదు.

"ఆచారీ" అని పిలిచింది. జవాబు లేదు. "ఆచారీ, వస్తున్నాం" అని అరిచింది. నాలుగూ కలిసి అరిచాయి. ఆ ఇంట్లో మనిషి లేడు, చుట్టుపక్కల ఇళ్లలోనూ లేడు. అందరూ పాక దగ్గరే ఉన్నారు. వాటికి నోరైతే ఉంది గాని కాళ్లు లేవు. ఇన్నేళ్లుగా ఒక చెయ్యి వచ్చి ఎత్తేది కాబట్టి ఆ సంగతి ఎప్పుడూ గుర్తుకు రాలేదు. అరిచి అరిచి గొంతు పోయి, బంతిపూల మధ్య అలాగే పడి ఉన్నాయి.

తలుపు భళ్లున తెరుచుకుంది. వచ్చింది భద్రాచారి కాదు, కోటమ్మ. ఒళ్లంతా బురద. కాళ్లు కడుక్కోకుండా పూజగదిలోకి అడుగుపెట్టింది. చేతులు జోడించలేదు, ఉద్వాసన చెప్పలేదు. దండ తీసి ఒక మూలకు విసిరింది.

"మేమే వద్దామనుకుంటున్నాం కోటమ్మా" అంది గునపం.

"నోరు ముయ్యి" అంది కోటమ్మ. గునపాన్ని ఒక చేత్తో, మోకును ఒక చేత్తో పట్టుకుని వానలోకి పరుగెత్తింది. దారిలోనే పసుపు, బొట్టు అన్నీ కారిపోయాయి.

పాక దగ్గరకు వచ్చాక గునపానికి సంగతి అర్థమైంది. దూలం ఎత్తినవాళ్ల పట్టు జారింది. రాయి తోస్తున్న భద్రాచారి కుడిచెయ్యి దాని కింద ఉండిపోయింది. ఆయన నీళ్లలో బోర్లా పడుకుని, ఎడమ చేత్తో గేదె గడ్డం పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. ఆయన ముఖమూ గేదె ముఖమూ ఒకే మట్టంలో ఉన్నాయి. నీళ్లు ఇద్దరి పెదవుల దాకా వచ్చాయి. ఆయన అరవడం లేదు. అరిస్తే గేదె బెదిరి కదులుతుంది, కదిలితే దూలం ఇంకా దిగుతుంది.

గునపాన్ని దూలం కిందకు దూర్చారు. నలుగురు దాని కొస మీద బరువు వేశారు. దూలం లేచింది. మోకు వేసి లాగితే పక్కకు దొర్లింది. వక్కపలుకు నమిలేంత సేపు కూడా పట్టలేదు. ఆ గునపం జన్మలో అంత తేలికైన పని ఇంకోటి చేసి ఉండదు. గేదె ముందుకాళ్ల మీద లేచి, వణుకుతూ, దులుపుకుని గట్టెక్కింది. గవరమ్మ దాని మెడ పట్టుకుని భోరున ఏడ్చింది. భద్రాచారిని ఇద్దరు లేవదీశారు. ఆయన కుడిచేతిని కోటమ్మ తన కొంగులో చుట్టింది. చుట్టేటప్పుడు ఆమె దాని వంక చూడలేదు.

పండుగ వెళ్లాక గేదె ఈనింది. తల్లీ దూడా క్షేమం. గవరమ్మ జున్నుపాలు మొదట తెచ్చింది ఆచారి ఇంటికే. ఆయన ఆ గిన్నె ఎడమ చేత్తో అందుకున్నాడు. విరిగిన ఎముకలకు కట్టు కట్టేవాడు పొరుగూరి నుంచి వచ్చాడు, కట్లు కట్టాడు, విప్పాడు. నొప్పి పోయింది. వేళ్లు మాత్రం ముడుచుకోవడం మరిచిపోయాయి. గ్లాసు పట్టడానికే లొంగని చెయ్యి పిడినేం పడుతుంది?

కోటమ్మ పనిముట్లను కడిగి తుడిచి మళ్లీ ఆ పీట మీదే పెట్టింది. ఇంకెక్కడ పెట్టాలో ఆమెకు తెలియలేదు. పొద్దున్నే ఒక పువ్వు పెట్టేది. వేళకు దీపం వెలిగించేది. రోజూ పండుగే. ఎవరైనా వచ్చి, "ఆచారీ, బండి ఇరుసు విరిగింది" అంటే, ఆయన అరుగు మీంచే "పక్క ఊరు తీసుకుపోండి బాబూ" అని మర్యాదగా చెప్పేవాడు. కాలు కుంటుతూ వచ్చిన కుక్క ఒకటి కాసేపు చూసి, మెల్లగా లేచి వెళ్లిపోయేది. అవన్నీ పీట మీద వాటికి వినపడేవి. రంపం పాత సంగతులు తీయడం మానేసింది.

ఒకరోజు దీపం పెట్టడానికి భద్రాచారే వచ్చాడు. ఎడమ చేత్తో వత్తి సర్దుతుంటే గునపం ఇక ఉండబట్టలేకపోయింది.

"ఆ రోజు రెండోసారి అడిగి ఉంటే వచ్చేవాళ్లం ఆచారీ. ఎందుకు అడగలేదు?"

భద్రాచారి తలెత్తి చూశాడు. ఆయనకు కోపం రాలేదు. నిజంగా ఆశ్చర్యపోయాడు.

"రాము అన్నారు కదా," అన్నాడు, "నేను నమ్మాను."

గురువుగారు అక్కడితో ఆపేశారు. ఇందాక నవ్విన ఆయన నేల చూపులు చూస్తున్నాడు. నాకైతే ఆ గునపం మీద కోపం రావాలి గాని రాలేదు. జాలి వేసింది, ఆ జాలి కూడా సుఖంగా లేదు. చివరికి సర్వేశం అడిగాడు.

"ఆయన చెయ్యి మళ్లీ బాగుపడిందాండీ?"

గురువుగారు సర్వేశం వైపు తిరిగారు. "పొద్దున అచ్చమ్మ నీ గది దాకా వచ్చినట్టుంది. ఏమంది?" అని అడిగారు.

"యాత్రికులు ఎక్కువగా వచ్చారు, వంటకు సాయం రమ్మందండి."

"నువ్వేమన్నావు?"

"రాలేనన్నానండి."

"మళ్లీ అడిగిందా?"

"లేదండి" అన్నాడు.

గురువుగారు వంటింటి పొగ వైపు చూశారు. "అన్నం ఉడికిన వాసన వస్తోంది. ఇవాళ పెద్ద గుండిగ ఎక్కించింది" అన్నారు. "దాని గంజి ఒక్క మనిషి వార్చేది కాదు."